పెరియా ఊరు, పేరయ్య ఊరు

ఆక్లండ్ నుంచి కారులో రెండు గంటలు పోతే మతమత వస్తుంది. ఇక్కడి తెల్లవాళ్ళు మాటామాటా అంటారు. మావోరీలు పలికినట్టు రాస్తే మతమతే. ఇండియా నుంచి చుట్టాలొస్తే అందరం వాళ్ళని తీసుకెళ్ళేది అక్కడి హాబిటన్ సినిమా సెట్‌కి. గుండ్రటి తలుపుల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఆ దగ్గర్లోనే వహరోవా ఊరి పక్కన పన్నెండేళ్ళ పిల్ల సమాధి ఒకటుంది.

ఆ పిల్ల పేరు తారోరే, న్గాతి హౌవా తెగలో న్గాకుకు అనే పెద్దమనిషి కూతురు. చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1835లో అక్కడ మిషను పెడితే, ఆ బడిలో చదువు నేర్చుకుంది. (మన బందరులో 1843లో నోబుల్ గారు బడి తెరిచింది కూడా ఈ సొసైటీ తరఫునే.) లూకా సువార్త మావోరీ ప్రతి ఒకటి ఆమెకిచ్చారు. తెగల పోరు ముదిరి, 1836 అక్టోబరులో పిల్లల్ని తౌరంగకి తీసుకెళ్తూ వైరేరే జలపాతం కింద మకాం వేసిన రాత్రి, రొటొరువా దండు మీదపడింది. తారోరే ప్రాణం పోయింది, తల కింద దాచుకున్న పుస్తకమూ పోయింది. చావుకి చావు బదులు తీర్చటం మావోరీల పాత ధర్మం. తండ్రి వద్దన్నాడు. చంపినవాడు తర్వాత మారి ఆ తండ్రి దగ్గరికే వచ్చాడని చెబుతారు. అందులో కథ ఎంతో చరిత్ర ఎంతో తేల్చటం కష్టం గానీ, తండ్రి పగ వద్దన్నది చరిత్రే.

నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నది ఆ తెగ నాయకుడి కొడుకు. తండ్రి తె వహరోవా పేరుమోసిన యోధుడు. కొడుకు 1839లో బాప్తిస్మం తీసుకుని విరేము తమిహానా అయ్యాడు. తండ్రి కత్తి అందుకోకుండా ఊళ్ళు కట్టాడు. 1846లో కట్టిన ఊరికి బైబిల్లోని బెరయ పేరే మావోరీలో పెరియా అని పెట్టుకున్నాడు. గుడి, బడి, పోస్టాఫీసు, గోధుమ చేలు, పళ్ళతోటలు. మంచిరోజులంటే అవీ. భూములు చేజారకుండా తెగలన్నిటికీ ఒక రాజుండాలని పట్టుబట్టి, 1858లో పోతతౌని రాజుగా నిలబెట్టింది ఆయనే. రాజు తల మీద పెట్టింది కిరీటం కాదు, బైబిలు.

1863 జులైలో బ్రిటిష్ సైన్యం వైకాటోలోకి దిగింది. సైనికుల వెంట ప్రార్థనలు చేయించటానికి బిషప్ సెల్విన్ కూడా వెళ్ళాడు. బైబిలు నేర్పినవాళ్ళే తుపాకుల పక్కన నిలబడితే చూసినవాడికి ఎలా ఉంటుంది? చాలామంది మావోరీలు మిషను గుళ్ళు వదిలేశారు. వాళ్ళని నేను తప్పుపట్టను. తమిహానా మాత్రం పుస్తకాన్నీ వదల్లేదు, భూమినీ వదల్లేదు. 1865లో తన తైయాహాని బ్రిటిష్ అధికారి ముందు పెట్టి శాంతి ఒప్పందం అన్నాడు; ప్రభుత్వం దాన్ని లొంగుబాటు అని రాసుకుంది. వైకాటోలో పన్నెండు లక్షల ఎకరాలు జప్తు అయ్యాయి. ఆయన పార్లమెంటుకి అర్జీల మీద అర్జీలు పెట్టాడు. ఏదీ తిరిగి రాకుండానే 1866 డిసెంబరులో కన్నుమూశాడు.

పెరియా పేరు విన్నప్పుడల్లా నాకు మన యెర్రగుంట్ల పేరయ్య గుర్తొస్తాడు. కనిగిరి దగ్గర తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారం. 1867 జనవరిలో ఆ పల్లెలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన పశువు మాంసం తినం అన్నందుకు ఊరి పెద్దలు వాళ్ళని బావుల దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత 1876-78 కరువు. ఒంగోలు మిషనరీ క్లవ్ గారు పూర్వం సర్వేయరు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి మట్టిపని ఇచ్చారు. బాప్తిస్మాలు మాత్రం ఏడాదికి పైగా ఆపేశారు, గంజి కోసం చేరారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది. వాళ్ళల్లో మా నాయనమ్మ తాత ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

2009లో నా కాంట్రాక్టు పోయి, ఏడు నెలలు ఇంటి వాయిదాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నప్పుడు చదివాను ఇవన్నీ. జీతం వస్తున్నప్పుడు "దేవుడు దీవించాడు" అని సాక్ష్యం చెప్పటం మన తెలుగు కూడికల్లో మామూలే. నేనూ చెప్పినవాడినే, ఇప్పటికీ చెబుతాను. కానీ తమిహానాకి గోధుమలు పండినప్పుడూ, భూమి పోయినప్పుడూ చేతిలో పని ఒకటే: తనవాళ్ళని నిలబెట్టటం. మొదట ఊరు కట్టి, తర్వాత అర్జీ రాసి. పేరయ్యా అంతే, బావి మూసేసినా ఊరూరూ తిరగటం మానలేదు. ఆ ఏడు నెలల్లో నేను శనివారాలు చర్చి హాల్లో కొత్తగా వచ్చిన పిల్లలకి కంప్యూటరు పాఠాలు మొదలుపెట్టాను. ఉద్యోగం వచ్చాక కూడా ఆపలేదు.

వైకాటో భూముల జప్తు అన్యాయమని ఒప్పుకుని, క్షమాపణ చెప్పే చట్టం మీద ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం పెట్టింది 1995లో. 2024 సెప్టెంబరు 5న న్గారువావాహియాలో 27 ఏళ్ళ న్గా వై హోనో ఇ తె పో మావోరీ రాణి అయ్యింది. తమిహానా 1858లో వాడిన ఆ బైబిలునే ఆవిడ తల మీద ఉంచారు. రాజుని నిలబెట్టే ఆ బాధ్యత ఇప్పటికీ ఆయన వంశంవాళ్ళదే.