ముత్యాల వేట నుంచి వేట మానిన తీరం దాకా: కాబో పుల్మో

మెక్సికో దేశపు వాయవ్య దిక్కున, పసిఫిక్ మహాసముద్రానికీ కాలిఫోర్నియా సింధుశాఖకూ నడుమ సన్నగా దక్షిణానికి సాగిపోయే బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పపు తూర్పు తీరంలో, కర్కట రేఖ ఇంచుమించు తాకుతూ పోయే చోట కాబో పుల్మో అనే చిన్న పల్లె ఉంది. చాలాకాలం మట్టిరోడ్డు తప్ప వేరే దారి లేని ఈ పల్లె ముందరి సముద్రంలో 7,111 హెక్టార్లను, అంటే సుమారు 71 చదరపు కిలోమీటర్ల మేరను, మెక్సికో ప్రభుత్వం 1995 జూన్ 6న జాతీయ సాగర ఉద్యానంగా ప్రకటించింది. తీరానికి సమాంతరంగా నీటి అడుగున వరుసలుగా సాగే రాతి గట్ల మీద ఇక్కడ పగడాలు పెరిగాయి. సున్నాన్ని స్రవించి గూడు కట్టుకునే చిన్న చిన్న జీవులు తరతరాలుగా ఒకదానిమీద ఒకటి పేరుకోగా ఏర్పడేదే పగడపు దిబ్బ. తూర్పు పసిఫిక్‌లో ఇంత ఉత్తరాన అటువంటివి అరుదు.

అయితే ఈ తీరం లోకానికి మొదట తెలిసింది పగడాల వల్ల కాదు, ముత్యాల వల్ల. 1535లో హెర్నాన్ కోర్తెస్ ప్రస్తుత లా పాస్ నగరం ఉన్న అఖాతంలో దిగడానికి ముత్యాల మీది ఆశ కూడా ఒక కారణం. అటుపిమ్మట మూడు శతాబ్దాలకు పైగా సాగిన వేటలో సముద్రానికి అవతలి గట్టునుండి తీసుకువచ్చిన యాకీ తెగవారు వేసవి నెలల్లో ఊపిరి బిగపట్టి మునిగి, రాతిని కరచుకొని ఉన్న ముత్యపు చిప్పలను ఊడబెరికి పైకి తెచ్చేవారు; దొరికిన ముత్యాలలో అయిదో వంతు స్పెయిన్ రాజుకు పన్నుగా పోయేది. ఈ వేటకు చట్టం పెట్టిన హద్దు కంటే మనిషి ఊపిరి పెట్టిన హద్దే గట్టిది. ఊపిరి అందని లోతులోని చిప్పలు అక్కడే బతికి గుడ్లు వదిలేవి, ఆ గుడ్ల నుంచి పుట్టిన పిల్లలు ప్రవాహంలో కొట్టుకువచ్చి పై రాళ్లను మళ్లీ నింపేవి. మరోలా చెప్పాలంటే, సముద్రం తన అభయారణ్యాన్ని తానే లోతులో దాచుకుంది.

1870ల దశకంలో వచ్చిన, నీట మునిగేవారి కవచం ఆ హద్దును చెరిపివేసింది. తలకు గుండ్రని లోహపు శిరస్త్రాణం, దానికి చిన్న గాజు కిటికీ, కాళ్లకు సీసపు బరువులు, పైన పడవలో ఇద్దరు ముగ్గురు తిప్పే గాలి పంపు, అక్కడినుంచి కిందికి వేలాడే రబ్బరు గొట్టం — ఇంతమాత్రపు సరంజామాతో మనిషి గంటల తరబడి అడుగున నడవగలిగాడు. ముత్యం దొరకకపోయినా నష్టం లేదు, ఎందుకంటే బొత్తాల తయారీకి చిప్ప లోపలి మెరుపు పొరకు ఐరోపాలో గిరాకీ ఉండేది. లా పాస్ సమీపంలోని ఎస్పిరితు సాంతో ద్వీపం వద్ద గాస్తోన్ వీవెస్ 1903 నుంచి చిప్పలను పెంచే పద్ధతిని విజయవంతంగా నడిపినా, మెక్సికో విప్లవ కాలంలో 1914లో ఆ క్షేత్రం ధ్వంసమైంది. అది నిలిచి ఉంటే ఈ తీరపు కథ మరో దారి పట్టి ఉండేది. 1930ల చివరికి చిప్పలు దాదాపు కనుమరుగయ్యాయి. 1940 మార్చిలో రచయిత జాన్ స్టైన్‌బెక్, జీవశాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్స్ పుల్మో దిబ్బ వద్ద ఆగి నీటి జీవుల నమూనాలు సేకరించేనాటికి ముత్యాల యుగం ముగిసినట్టే.

ముత్యాల కోసం మునిగినవారి సంతతే, ముఖ్యంగా కాస్త్రో కుటుంబం, తరువాత సొరచేపల వైపూ, రాతి చేపల వైపూ మళ్లింది. మొదట గాలపు తాడు, ఆపైన వల, మోటారు పడవ వచ్చాయి. 1980ల నాటికి ఒకప్పుడు గుమ్మం ముందు దొరికిన చేప కోసం రోజంతా దూరం పోవలసి వచ్చింది. ఆ కాలంలోనే బాహా కాలిఫోర్నియా సూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ దిబ్బను అధ్యయనం చేస్తూ, ఏళ్ల తరబడి పెరిగిన పగడపు కొమ్మను ఒక్క లంగరు క్షణంలో ఎలా విరిచివేస్తుందో పల్లెవారికి చూపించారు. తాతల కాలంలో ఒక సంపద ఇలాగే అడుగంటిన సంగతి ఇళ్లలో మాటగా మిగిలి ఉండడం, ఈ హెచ్చరిక వారికి అంత త్వరగా తలకెక్కడానికి తోడ్పడి ఉంటుందని భావించడం సమంజసం.

1995 నాటి విభజన ప్రకారం ఉద్యానంలో సుమారు 35 శాతం మేర మాత్రమే పూర్తి నిషిద్ధ ప్రాంతం, అంటే గాలం కూడా వేయకూడని చోటు. పల్లెవారు మాత్రం అంతటితో ఆగక మొత్తం ఉద్యానంలోనే వేట మానారు, బయటి పడవలపై తామే కాపలా కాశారు. ఈ నిర్ణయపు విలువ అంకెలలో కనిపిస్తుంది: ఒక హెక్టారు నీటిలో ఉన్న చేపల మొత్తం బరువు 1999లో ముప్పావు టన్ను ఉండగా 2009 నాటికి 4.24 టన్నులకు చేరిందని 2011లో వెలువడిన అధ్యయనం నమోదు చేసింది. వేటాడే పెద్ద చేపలు మరీ వేగంగా పెరిగాయి. అదే సింధుశాఖలో కాగితం మీద రక్షణ పొందిన ఇతర ఉద్యానాలలో ఇటువంటి మార్పు కనబడలేదు.

సముద్రం కోలుకోగానే ఒడ్డుకు ధర వచ్చింది. ఉద్యానంలో 99 శాతం నీరే గనుక, దాని ఉత్తరపు అంచున వేల గదుల హోటళ్లు, గోల్ఫ్ మైదానాలు, పడవల రేవుతో కాబో కోర్తెస్ అనే విహార నగరం కట్టే ప్రతిపాదనకు ఉద్యాన చట్టం నేరుగా అడ్డు నిలువలేకపోయింది. పల్లెవారు, శాస్త్రజ్ఞులు, పర్యావరణ సంస్థలు ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత 2012 జూన్‌లో అధ్యక్షుడు ఫెలీపె కాల్దెరోన్ దానిని రద్దు చేశాడు. రెండేళ్లకే కాబో దొరాదో పేరిట మరో ప్రతిపాదన వచ్చి, అదీ వెనక్కి పోయింది. వల విసిరిన కుటుంబాలలో పలువురు ఇప్పుడు యాత్రికులను అదే పడవల్లో దిబ్బ మీదికి తీసుకుపోతున్నారు. అక్కడ వేలకొద్దీ పార చేపలు వెండి సుడిగుండంలా గుండ్రంగా తిరుగుతుంటాయి.