భారత వాయుసేన యుద్ధవిమానాలు: విదేశీ సరఫరాదారు ఎంపిక

వాయుసేనకు కావలసిన యుద్ధవిమానాలను ఏ దేశం నుంచి, ఏ షరతుల మీద కొనాలో తేల్చుకునే ప్రక్రియే సరఫరాదారు ఎంపిక. పైకి ఇది వేగం, ఆయుధ సామర్థ్యం, ధరల బేరీజులా కనిపిస్తుంది. అయితే 1963లో భారత వాయుసేనలో చేరిన మిగ్-21 చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్నది 2025 సెప్టెంబరు 26న. ఒక్క నిర్ణయం ఆరు దశాబ్దాలు దాటి నడిచింది. కొనుగోలు ఒక సంతకంతో ముగుస్తుంది. కొన్నదాన్ని ఎగిరే స్థితిలో ఉంచడం తరాల పని. కాబట్టి విమానం ఎంత గొప్పదన్న దానికన్నా, దాని విడిభాగాలు, ఇంజిను, సాఫ్ట్‌వేర్‌ల మీద అదుపు ఎవరిదన్నదే ఈ ఎంపికలో అసలు కొలమానం.

అమ్మిన దేశం మనసు మారితే ఏమవుతుందో పాకిస్తాన్ ఎఫ్-16ల ఉదంతం చెబుతుంది. అణు కార్యక్రమం కారణంగా 1990లో ప్రెస్లర్ సవరణ కింద అమెరికా ఆ దేశానికి ఆయుధ సరఫరా ఆపేసింది. డబ్బు కట్టిన 28 విమానాలు తయారై కూడా కొన్నవారికి చేరక, అరిజోనా ఎడారిలోని నిల్వ స్థావరంలో ఏళ్ల తరబడి ఉండిపోయాయి. ఈ చేదు భారత్‌కూ తెలుసు. 1998 పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత విధించిన ఆంక్షలతో, స్వదేశీ యుద్ధవిమానం తేజస్ ఫ్లైట్ కంట్రోల్ వ్యవస్థపై అమెరికా సంస్థ లాక్‌హీడ్ మార్టిన్‌తో సాగుతున్న పని మధ్యలో తెగిపోయింది. మన ఇంజినీర్లే దాన్ని పూర్తిచేసి 2001 జనవరి 4న విమానాన్ని ఎగరేశారు. ఫ్రాన్స్ మాత్రం ఆ ఆంక్షల్లో కలవలేదు. 1999 కార్గిల్ యుద్ధంలో ఫ్రెంచి మిరాజ్-2000కు ఇజ్రాయెల్ లక్ష్య నిర్దేశక పరికరం లైట్నింగ్ పాడ్ బిగించి, జూన్ 24న టైగర్ హిల్ మీది శత్రు స్థావరంపై లేజర్ మార్గదర్శక బాంబు వేశారు. ఒక దేశపు విమానానికి మరో దేశపు పరికరాన్ని అవసరం వచ్చినప్పుడు తగిలించుకోగల వెసులుబాటు ఏ ధరల పట్టికలోనూ కనిపించదు.

ధరల పట్టికే దారి చూపుతుందన్న నమ్మకాన్ని 126 విమానాల టెండరు వమ్ము చేసింది. 2007లో పిలిచిన ఈ టెండరులో అమెరికా ఎఫ్-16, ఎఫ్/ఎ-18, రష్యా మిగ్-35, స్వీడన్ గ్రిపెన్, ఐరోపా టైఫూన్, ఫ్రాన్స్ రఫేల్ పోటీపడ్డాయి. జైసల్మేర్ ఎండలో, లేహ్ ఎత్తుల్లో వాటిని ఎగరేసి చూశారు. 2012 జనవరిలో అతి తక్కువ ధర చెప్పిన బిడ్డరుగా (ఎల్-1) రఫేల్ నిలిచింది. అక్కడితో పని అయిపోలేదు. బెంగళూరులోని ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఏఎల్‌లో తయారు కావలసిన 108 విమానాలకు పూచీ ఎవరిది, పనిగంటల లెక్క ఎంత అన్నచోట బేరం మూడేళ్లు చిక్కుకుంది. చివరికి టెండరు పక్కకుపోయి, 2016 సెప్టెంబరులో ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో 36 విమానాలే కొన్నారు.

నలుగురి దగ్గరా కొంటే ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేరు కదా అన్నది ఒక వాదన. అందులో నిజముంది, మిరాజ్ అనుభవమే దానికి సాక్ష్యం. కానీ సుఖోయ్, మిగ్-29, జాగ్వార్, మిరాజ్, రఫేల్, తేజస్ అన్నీ ఒకే వాయుసేనలో ఉంటే ప్రతిదానికీ వేరే విడిభాగాల గోదాము, వేరే శిక్షణ, వేరే పరీక్షా పరికరాలు కావాలి. స్వతంత్రత ఖర్చు రోజూ కట్టాల్సిందే. విదేశీ కొనుగోలే మానేసి స్వదేశీ విమానాలు చేసుకుందామన్నది రెండో వాదన. దీనికి తేజస్ మార్క్-1ఎ జవాబు చెబుతోంది. 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఆర్డరు ఇచ్చినా, వాటి ఎఫ్-404 ఇంజిన్లు అమెరికా నుంచే రావాలి. అవి 2025లో గానీ రావడం మొదలుకాలేదు. బొమ్మ మనదే, ప్రాణం పరాయిది.

ఇందుకు భిన్నమైన దారి సుఖోయ్-30 ఎంకేఐది. నాసిక్‌లో విమానాన్ని, కోరాపుట్‌లో ఇంజిన్లను తయారుచేయడమే కాక, మిషన్ కంప్యూటర్‌ను మనవాళ్లే రూపొందించారు. అందుకే హైదరాబాద్‌కు చెందిన భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్న అస్త్ర క్షిపణి ఆ విమానం రెక్కల కిందకు చేరగలిగింది. 2025 జూన్‌లో కుదిరిన టాటా, రఫేల్ తయారీ సంస్థ డసోల ఒప్పందంతో రఫేల్ ఫ్యూజలేజ్ భాగాలూ హైదరాబాద్‌లోనే తయారు కానున్నాయి. ఇది మంచి అడుగు. అయితే లోహపు తొడుగు చేయడం వేరు, ఇంజినును, సాఫ్ట్‌వేర్‌ను శాసించడం వేరు. మన ఆయుధాన్ని మనమే తగిలించుకునే హక్కు, ఇంజినును మనగడ్డ మీదే విప్పి బిగించే హక్కు ఒప్పందంలో రాసిచ్చే సరఫరాదారు నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినా, భారత్‌కు చవకైనవాడు అతడే.