లెక్క కుదరని భాస్వరము

కచేరీలో లెక్కలు సరిచూచునప్పుడు చిన్న వ్యత్యాసము కనబడినచో ఉద్యోగి యెదుట రెండు మార్గములుండును. దానిని ఏదో యొక పద్దుక్రింద సర్దివేసి సంతకము చేయుట మొదటిది. అది యెచ్చటినుండి వచ్చినదో తేలువరకు దస్త్రమును మూయకుండుట రెండవది. మొదటిది సులభము. రెండవదానివలన ఎంతటి ఫలము చేకూరగలదో తెలుపు ఉదంతము హార్వర్డు విశ్వవిద్యాలయ వైద్యకళాశాల చరిత్రలో నొకటి కలదు. అందు ప్రధాన పాత్రధారులలో నొకడు మన తెలుగువాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమునగాని కృతార్థుడు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించుటచే పైవారి ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు మారుగా దానికి తక్కువదైన యల్.యం.యస్. మాత్రమే పొందెను. పిమ్మట బోస్టను నగరము చేరెను. అచ్చట హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన సాగించెను.

వారు చేపట్టిన పని చూచుటకు సామాన్యమైనది. రక్తమునందును, మూత్రమునందును గల స్వల్పమైన భాస్వరమును కొలుచుటకు నమ్మదగిన పద్ధతి కావలెను. ఫాస్ఫేటు గల ద్రవమునకు ఆమ్లముతో కూడిన మాలిబ్డేటును చేర్చి, పిమ్మట క్షయకరణము చేయు పదార్థమును కలిపినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత గాఢమో ఫాస్ఫేటు అంత అధికము. తెలిసిన పరిమాణము గల ప్రమాణద్రవపు రంగుతో దానిని పోల్చి లెక్క కట్టుదురు. కాని అంతకు పూర్వపు పద్ధతులలో రంగు మందముగా వచ్చుచుండెను. ఫిస్కే, సుబ్బారావులు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమును వాడి, కొద్ది నిమిషములలో రంగు తేలునట్లు చేసిరి. ఈ పద్ధతి 1925లో ప్రకటింపబడెను.

తరువాత వారు దానిని కండరములకు ప్రయోగించిరి. అచ్చటనే లెక్క కుదరలేదు. ప్రమాణద్రవమున నీలిరంగు వెంటనే తేలినను, కండరమునుండి తీసిన ద్రవమున అది వెనుకబడి, క్రమక్రమముగా గాఢమగుచుండెను. పాతపద్ధతిలో రంగే మెల్లగా వచ్చును గనుక ఈ ఆలస్యము కంటబడుటకు వీలు లేకుండెను. కొలత చురుకైనందుననే తేడా బయటపడెను.

కొంతసేపు ఆగి, రంగు నిలుకడకు వచ్చిన పిమ్మట అంకె వ్రాసికొని, పని ముగిసినదని వారు తలపవచ్చును. అట్లు తలపలేదు. ఆలస్యముగా వచ్చు ఆ ఫాస్ఫేటు మొదట ఏ రూపమున నుండెనని ప్రశ్నించిరి. కండరమునందు ఫాస్ఫేటు మరియొక పదార్థముతో బంధింపబడి యున్నదనియు, ఆ బంధము మిక్కిలి దుర్బలమగుటచే పరీక్షకై కలుపు ఆమ్లమాలిబ్డేటు వలననే విడిపోవుచున్నదనియు తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిను. ఈ ఫలితము 1927లో వెలువడెను. అదే సంవత్సరమున లండనులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టను దంపతులు స్వతంత్రముగా ఈ పదార్థపు జాడ కనుగొనిరి. కండరము పనిచేసినపుడు ఇది తరుగును, విశ్రాంతిలో మరల కూడును.

దీని ప్రాముఖ్యమును గ్రహించుటకు నాటి శాస్త్రస్థితి తెలియవలెను. కండరశాస్త్రమున చేసిన కృషికై హిల్, మేయర్‌హాఫ్ అను శాస్త్రజ్ఞులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించి యుండెను. లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే కండరసంకోచమునకు మూలమని ఆనాటి నమ్మిక. 1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డు, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ నిరోధించినను కండరము సంకోచించుననియు, అప్పుడు ఫాస్ఫోక్రియాటిను వ్యయమగుననియు చూపుటతో ఆ నమ్మిక కూలెను. ఇంతలో 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావులు వేర్వేరుగా అడినోసిను ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. ఎ.టి.పి. అని నేడు బడిపిల్లలు సైతము చదువు ఈ పదార్థమే సకల జీవకణములలోను శక్తికి చలామణి నాణెము. ఈ పంక్తులు చదువు కన్ను కదలుటకును అదియే ఖర్చగుచున్నది.

ఇచ్చట ఒక మాట న్యాయముగా చెప్పవలెను. మన సభలలో ఫిస్కే పేరు వినబడుట అరుదు. పాశ్చాత్యదేశములలో సుబ్బారావు పేరు చాలకాలము మరుగున పడెను. పత్రములపై ఇద్దరి పేర్లును గలవు. మనవానిని గౌరవించుటకై మరియొకని పేరు తుడువ నక్కరలేదు.

హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ సంస్థ పరిశోధనాలయమునకు వెళ్లెను. అచ్చట ఆయన నాయకత్వమున రూపొందిన అమైనోప్టెరిన్ అను మందును బోస్టనులోనే సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన శిశువులకు వాడి, వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గుటను 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు తన 53వ యేట కన్నుమూసెను. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

నేను శాస్త్రము చదివినవాడను కాను, సాహిత్య పట్టభద్రుడను. అయినను మా యింట పిల్లవాడు ప్రాక్టికల్ రికార్డు వ్రాయుచు, తనకు వచ్చిన అంకెను కొట్టివేసి పుస్తకములోని అంకె వేయుట చూచితిని. కారణ మడుగగా, “అందరును ఇట్లే వ్రాయుదురు నాన్నగారూ, లేనిచో మార్కులు పోవును” అనెను. వానిని మందలించుటకు నాకు నోరు రాలేదు; కచేరీలో నేను సర్దివేసిన పద్దులు జ్ఞప్తికి వచ్చినవి. సుబ్బారావు చిత్రపటమునకు ఏటేట పూలమాల వేయుదము, తప్పులేదు. కాని ఆ సాయంకాలము వానిచేత మొదటి అంకెనే మరల వ్రాయించి, దానిక్రింద “ఏల వచ్చినదో తెలియలేదు” అని చేర్పించితిని. ఒక మార్కు పోయినది. నేను విచారింపలేదు.