స్వచ్ఛంద సంఘాలలో తగవుల పరిష్కారం, బాధ్యతల అప్పగింత: త్యాగరాయ చెట్టి నిదర్శనం

జీతభత్యాలు లేకుండా ఇష్టపూర్వకంగా పనిచేసేవారి సంఘంలో ఆజ్ఞకు బలం తక్కువ. మనసు నొచ్చుకున్న సభ్యుడు ఏ క్షణాన్నైనా తప్పుకోగలడు. కనుక తగవును సకాలంలో తీర్చడం, బాధ్యతను తగినవారికి అప్పగించడం ఇటువంటి సంఘాలకు ప్రాణప్రదం. చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్‌తో ముడిపడిన ఒక తెలుగు నాయకుని చరిత్ర ఇందుకు నిదర్శనంగానూ, హెచ్చరికగానూ నిలుస్తుంది.

ఈస్టిండియా కంపెనీ కాలంలో బట్టలు ఉతికి చలువ చేసేవారి పేటగా ఏర్పడినది వాషర్‌మెన్‌పేట్. తమిళులు దీనిని వణ్ణారపేట్టై అంటారు. ఇక్కడి కళాశాల సర్ పిట్టి త్యాగరాయ చెట్టి (1852–1925) పేరు ధరించింది. ఆయన తెలుగు దేవాంగ కుటుంబంలో జన్మించి, నేత పరిశ్రమ నడిపి, మద్రాసు నగరపాలక సంఘంలో చిరకాలం సభ్యులుగా ఉన్నారు.

పాత వైరం, కొత్త సంఘం

నగరపాలక సంఘంలో చెట్టిగారికీ, డాక్టర్ టి.ఎం. నాయర్‌కూ పొసగేది కాదు. ఇరువురికీ కావలసిన డాక్టర్ సి. నటేశ మొదలియార్ మధ్యవర్తియై వారిని ఒక వేదికపైకి తెచ్చారు. 1916 నవంబరులో దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య పుట్టింది. 1917లో ప్రారంభమైన ‘జస్టిస్’ ఆంగ్ల పత్రికకు నాయర్ సంపాదకులయ్యారు. ఆ పత్రిక పేరిటే సమాఖ్య జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి చెందింది.

పదవిని అప్పగించుట

1920 ఎన్నికలలో పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పాటు చేయవలసిందిగా గవర్నర్ విల్లింగ్డన్ చెట్టిగారిని ఆహ్వానించగా, ఆయన పదవిని నిరాకరించి పార్టీ నాయకత్వానికే పరిమితమయ్యారు. ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ప్రథమ మంత్రి అయ్యారు. 1921లో ఆయన అనారోగ్యంతో తప్పుకోగా పానగల్లు రాజా బాధ్యత స్వీకరించి 1926 వరకు కొనసాగారు. సంఘాన్ని నడిపేవారు వేరు, ప్రభుత్వాన్ని నడిపేవారు వేరు కావడం వలన ఒకరు తప్పుకున్నా పని ఆగలేదు.

తెలుగు, తమిళ భేదం

రెడ్డియార్ వైదొలగిన తరువాత మంత్రివర్గంలో తమిళులకు చోటు లేకపోయింది. తమిళ సభ్యులు అసంతృప్తి చెందారు. 1923 ఎన్నికల అనంతరం కూర్మా వెంకటరెడ్డి నాయుడు స్థానంలో టి.ఎన్. శివజ్ఞానం పిళ్లై మంత్రి అయ్యారు. అయినా సి.ఆర్. రెడ్డి మొదలైనవారు చీలిపోయి, ఆ నవంబరులో అవిశ్వాస తీర్మానం పెట్టారు. అది ఓడిపోయింది. చోటు ఇచ్చారు గాని, ఆలస్యంగా ఇచ్చారు.

ఇంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. 1921లో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల సమ్మె కాలంలో ఉత్తర మద్రాసులోని పులియాంతోపులో ఆదిద్రావిడులకూ, ఇతర కార్మికులకూ మధ్య ఘర్షణలు చెలరేగాయి. ఆ వివాదంలో చెట్టిగారితో సహా పార్టీ ప్రముఖులు ఆదిద్రావిడుల పక్షాన నిలువలేదు. వారి నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని వీడారు. బలహీనుల ఫిర్యాదును పట్టించుకోని సంఘం వారిని కోల్పోతుంది.

నేటి కంప్యూటర్ సంఘాలు

స్వచ్ఛందంగా సాఫ్ట్‌వేర్ రచించి అందరికీ ఉచితంగా పంచే సంఘాలకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. పైథాన్ అనే కంప్యూటర్ భాషను సృష్టించిన గైడో వాన్ రాసమ్ దాదాపు మూడు దశాబ్దాలు తుది నిర్ణయాధికారం తానే వహించారు. ఒక చిన్న మార్పుపై చెలరేగిన వాదోపవాదాలతో అలసిపోయి 2018 జూలైలో అధికారం వదులుకున్నారు. వారసుని మాత్రం ఆయన నియమించలేదు. పాలనా పద్ధతిని సభ్యులకే విడిచిపెట్టారు. వారు చర్చించి, 2019లో ఐదుగురి సమితిని ఎన్నుకున్నారు. ఒకే యజమాని వద్ద పనిచేసేవారు సమితిలో ఇద్దరికి మించరాదని నియమం పెట్టారు. అవిశ్వాసం ప్రకటించే మార్గమూ ఉంచారు.

గ్రామాలకు అన్వయం

సరిహద్దు గ్రామాలలోని బడి సంఘానికీ, గుడి సంఘానికీ, చెరువు సంఘానికీ ఈ పద్ధతులు వర్తిస్తాయి. పెట్టెకు, లెక్కకు, తాళంచెవికి వేర్వేరు వ్యక్తులను నియమించి, గడువు చెప్పాలి. అప్పగించిన పనిలో మాటిమాటికీ జోక్యం చేసుకోరాదు. తగవు వస్తే ఇరుపక్షాలూ గౌరవించే మూడవ వ్యక్తి వద్ద కూర్చోవాలి. సంఘంలో తెలుగువారు, తమిళులు, అన్ని వాడలవారు ఉన్నారో లేరో ఫిర్యాదు రాకముందే చూచుకోవాలి.