ఇక్కడ మేమంతా క్షేమం

2011లో అనుకుంటా. హైదరాబాదులో ఓ సాయంత్రం బస్టాపులో నిలబడి ఉంటే ఇద్దరు కుర్రాళ్ళు దగ్గరికొచ్చారు. తెల్ల చొక్కాలు, టైలు, జేబు దగ్గర నల్లటి పేరు బిళ్ళలు. బిళ్ళ మీద "ఎల్డర్" అని ఉంది. ఎల్డర్ అంటే పెద్ద. నూనూగు మీసాల వయసులో ఈ పెద్దరికం ఏమిట్రా అని నవ్వొచ్చింది. మోర్మన్ చర్చి వాళ్ళట.

"రెండు నిమిషాలు మాట్లాడొచ్చా సార్?" అన్నాడు ఒకడు, శుభ్రమైన తెలుగులో. మతం మాటలు వినే ఓపిక నాకు తక్కువ. బస్సు ఎలాగూ రాలేదు కదా అని నేనే ప్రశ్నలు మొదలెట్టా.

"ఏ ఊరు నాన్నా మీది?"

"రాజమండ్రి దగ్గరండి."

"మళ్ళీ ఇంటికెప్పుడు?"

"మొత్తం రెండేళ్ళండి. ఇంకా పద్నాలుగు నెలలుంది."

"అమ్మతో మాట్లాడుతుంటావా?"

"ఏడాదికి రెండుసార్లండి. క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా అంతా వారానికో మెయిలు. అమ్మకి మెయిలు చూట్టం రాదండి, చెల్లి చదివి వినిపిస్తుంది."

"ఏం రాస్తావు?"

వాడు కాసేపు ఆలోచించి "బాగున్నానని రాస్తానండి" అన్నాడు. బస్సొచ్చింది, ఎక్కేసా. వాడి మతం గురించి ఒక్క ముక్క కూడా వినలేదు గానీ, ఆ చివరి మాట మాత్రం చాలా కాలం బుర్రలో ఉండిపోయింది.

ఈ చర్చి మన దేశానికి కొత్తదేం కాదు. 1850లలోనే వాళ్ళ మనుషులు కలకత్తా, మద్రాసు వచ్చి, పెద్దగా ఫలితం లేక వెళ్ళిపోయారు. తెలుగువాళ్ళ దాకా రావటానికి ఇంకో నూటపాతికేళ్ళు పట్టింది. అదీ తెల్లవాళ్ళ వల్ల కాదు. సమోవా దీవుల్లో ఉంటూ ఆ చర్చిలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో కొద్దికాలపు మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. వాళ్ళ బంధువుల్లోనే ఇరవై మందికి పైగా చేరారు. ఎల్సీ గారి తండ్రి శ్రీనివాసం గారు వాళ్ళ గ్రంథాన్ని తెలుగు చేస్తే, అందులో కొన్ని భాగాలు 1982లో అచ్చయ్యాయి. 2012లో హైదరాబాదులో 'స్టేక్' అనే పెద్ద విభాగం ఏర్పడింది, మన దేశంలో అదే మొదటిది. అన్నట్టు, ఆ ఏడాదికి రెండు ఫోన్ల నియమం ఇప్పుడు లేదు. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చన్నారు. మా రాజమండ్రి కుర్రాడు ఎనిమిదేళ్ళు ముందు పుట్టాడు, అంతే.

నాది నూజివీడు దగ్గర పల్లెటూరు. మామిడి తోటలు తప్ప ఇంకేం చెప్పుకోను అక్కర్లేని ప్రాంతం. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ. ఇప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు గానీ, మేం పుట్టింది కృష్ణా జిల్లాలో. తెల్లదొరల కాలంలో నూజివీడు జమీందారీ బందరు కలెక్టరు కింద ఉండేది. బందరంటే మా వాళ్ళకి కోర్టు, కలెక్టరాఫీసు, లడ్డు, నోబుల్ కాలేజీ. ఆ నోబుల్ ఎవరని చదవటం మొదలెడితే, ఆయన పక్కనే ఇంకో కుర్రాడు కనపడ్డాడు. బస్టాపు కుర్రాడికి ముత్తాతకి ముత్తాత లాంటివాడు. చర్చి వేరు, దేశం వేరు, పని మాత్రం అదే. పేరు హెన్రీ వాట్సన్ ఫాక్స్.

ఫాక్స్ 1817లో ఇంగ్లండులోని డర్హమ్ జిల్లాలో పుట్టాడు. రగ్బీ స్కూల్లో, తర్వాత ఆక్స్‌ఫర్డులో చదువు. చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళు తెలుగు దేశానికి మొదటిసారి మనుషుల్ని పంపుతూ ఇద్దర్ని ఎంచారు. ఒకరు రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్, ముప్పై దాటిన బ్రహ్మచారి. రెండోవాడు ఫాక్స్, ఇరవై మూడేళ్ళవాడు, కొత్తగా పెళ్ళయింది. భార్య ఎలిజబెత్‌తో సహా ఓడెక్కాడు. ఆఫ్రికా కొస చుట్టి నెలల తరబడి ప్రయాణం చేసి 1841 జూలైలో మద్రాసులో దిగారు. ఆ ఏడాది చివర్లో బందరు చేరారు.

ఆ బందరు మనం ఊహించుకునే బందరు కాదు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట కట్టింది 1850లలో. అంటే ఫాక్స్ చూసిన డెల్టాలో కాలవలు లేవు. వానొస్తే పంట, రాకపోతే కరువు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమని తినేసి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. ఊళ్ళో నడి వయసు మనిషన్న ప్రతివాడూ ఆ కరువు చూసినవాడే.

నోబుల్, ఫాక్స్ పని పంచుకున్నారు. నోబుల్ ఊళ్ళో కూచుని బడి పెట్టాలి. ఫాక్స్ ఊళ్ళు తిరగాలి. నోబుల్ బడి 1843 నవంబరులో మొదలైంది, ఇద్దరంటే ఇద్దరు పిల్లలతో. పై కులాల పిల్లలకి ఇంగ్లీషు చదువు చెబితే మతం పైనుంచి కిందకి దిగుతుందని ఆయన లెక్క.

ఫాక్స్ దినచర్య ఇంకోలాంటిది. ముందు తెలుగు నేర్చుకోవాలి. బ్రౌన్ దొర వ్యాకరణం అచ్చయి అప్పటికి ఏడాది. నిఘంటువు రావటానికి ఇంకా పదేళ్ళకి పైనే ఉంది. మున్షీని ఎదురుగా కూచోబెట్టుకుని, విన్నది పలకటం, పలికింది దిద్దించుకోవటం. కాస్త నోరు తిరిగాక పల్లెల మీదకి బయలుదేరటం. డేరా వెయ్యటం, పొద్దున్నే ఎండ ముదరకముందు, మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గాక రచ్చబండ దగ్గరో వీధిలోనో నిలబడి మాట్లాడటం, జనం అడిగిన వాటికి జవాబు చెప్పటం, అచ్చు కాగితాలు పంచటం. మర్నాడు ఇంకో ఊరు. రోహిణి కార్తెలో మా వైపు గాడ్పు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి, నల్ల కోటు వేసుకునే దేశం నుంచొచ్చిన మనిషి అవస్థ వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఒళ్ళు పాడై నీలగిరి కొండలకి పోవలసొచ్చింది. తిరిగొచ్చింది 1844 అక్టోబరులో.

మరి ఇంటికి ఏం రాసేవాడు? ఇక్కడ ఒక విషయం గమనించాలి. మిషనరీ రాసేవి రెండు రకాలు. ఒకటి సొసైటీకి. ఎన్ని ఊళ్ళు తిరిగాం, ఏం మాట్లాడాం, జనం ఏమన్నారు. అవి లండన్‌లో పత్రికల్లో అచ్చయ్యేవి, చందాలిచ్చేవాళ్ళు చదివేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే వీక్లీ స్టేటస్ రిపోర్టు. శుక్రవారం సాయంత్రం మేనేజరుకి పంపే మెయిల్లో ఎవడూ "నాకేం అర్థం కావట్లేదు, ఏడుపొస్తోంది" అని రాయడు కదా. రెండో రకం ఇంట్లోవాళ్ళకి, స్నేహితులకి. నేర్చుకుంటున్న భాష, తిరిగిన ఊళ్ళు, ఒంట్లో బాగుండకపోవటం, తన మీద తనకే అనుమానాలు, అవన్నీ ఎక్కువగా ఇందులో కనిపిస్తాయి. ఫాక్స్ పోయాక అతని అన్నదమ్ముల్లో ఒకడైన జార్జ్ టౌన్‌షెండ్ ఫాక్స్ ఈ ఉత్తరాల్నీ, డైరీల్నీ కలిపి 1850లో జీవిత చరిత్రగా వేశాడు. విచిత్రం ఏమిటంటే నోబుల్ చరిత్ర రాసింది కూడా అతని తమ్ముడో అన్నో, జాన్ నోబుల్, 1867లో. అంటే 1840ల నాటి మా జిల్లా పల్లెల గురించి ఇంగ్లీషులో దొరికే కబుర్లలో మంచి భాగం, ఇంట్లోవాళ్ళు పెట్టెల్లో దాచుకున్న ఉత్తరాలే.

అప్పట్లో ఉత్తరం అంటే ఏమిటో కూడా చూడాలి. బందరు నుంచి మద్రాసుకి తప్పాలు మనుషులు పరిగెత్తుతూ మోసుకెళ్ళాలి. అక్కణ్ణించి ఓడలో సూయజ్ దాకా, అక్కడ ఎడారి దాటి మళ్ళీ ఓడ. సూయజ్ కాలవ తెరిచింది 1869లో. ఈ దగ్గర దారిలో కూడా నెలా రెండు నెలలు. జవాబుకి అంతే. "బిడ్డకి జ్వరంగా ఉంది" అని రాస్తే, "ఎలా ఉంది?" అన్న ప్రశ్న తిరిగొచ్చేసరికి ఆ బిడ్డ ఆడుకుంటూ ఉండొచ్చు, లేకపోనూ వచ్చు.

1845లో అదే జరిగింది. ఎలిజబెత్ ఆరోగ్యం పాడైంది. ఇంగ్లండు తీసుకెళ్ళటానికి నవంబరులో మద్రాసులో ఓడెక్కించాడు. ఓడ ఇంకా మద్రాసు రేవు దాటకముందే ఆవిడ చనిపోయింది. పసిబిడ్డ కూడా పోయింది. మిగిలిన పిల్లల్ని తీసుకుని 1846లో ఇంగ్లండు చేరాడు. అక్కడ కోడలు వస్తోందని ఎదురుచూసే ఇంట్లో ఏ కబురు ముందు చేరిందో, ఏది వెనక చేరిందో.

తర్వాత చేసిన పని నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పిల్లల్ని అక్కడే వదిలి, ఆ ఏడాదే ఒక్కడూ మళ్ళీ బందరు బయలుదేరాడు. త్యాగం అంటారు కొందరు, కఠినం అంటారు కొందరు. నేను ఇద్దరు పిల్లల తండ్రిని, నాకు రెండో మాటే ముందు తోస్తుంది. 1848లో ఆరోగ్యం పూర్తిగా చెడి ఇంగ్లండు తిరిగెళ్ళాడు. సొసైటీ ఆఫీసులో చిన్న కార్యదర్శి పనిలో చేరాడు. ఆ అక్టోబరు 14న పోయాడు. ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే.

లెక్కల ప్రకారం చూస్తే ప్రాజెక్టు ఫెయిలయినట్టే. నోబుల్ బడిలో మొదటి బాప్తిస్మాలు 1852లో, ఫాక్స్ పోయిన నాలుగేళ్ళకి. దాంతో బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ మాత్రం కదల్లేదు. ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళకుండా, ముప్పై వేల మంది పోయిన 1864 బందరు ఉప్పెన కూడా చూసి, 1865లో అక్కడే పోయాడు. పైనుంచి కిందకి దిగుతుందన్న లెక్క కూడా తప్పింది. బెజవాడ అవతల రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల రైతు తనే వెతుక్కుంటూ డార్లింగ్ అనే మిషనరీ దగ్గరికి వచ్చి 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కణ్ణించి మా వైపు పల్లెల్లో పేటలకి పేటలే కదిలాయి. ఎందుకు కదిలాయో తెలుసుకోవాలంటే ఫాక్స్ ఉత్తరాలు చాలవు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల లెక్కలు వాళ్ళవి. వాళ్ళు ఉత్తరాలు రాయలేదు. రాయనిచ్చిందెవరు? ఫాక్స్‌కి తెలుగు నేర్పిన మున్షీ ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏమన్నాడో కూడా మనకి లేదు.

అయితే ఈ ఉత్తరాల్ని అవతల పారెయ్యాలా? సామ్రాజ్యవాదుల కాగితాలని కొట్టిపారేసే స్నేహితులు నాకున్నారు. మహాత్ముల మాటలని కళ్ళకద్దుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండూ కుదరవు. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

నేను 1999లో అమెరికా వెళ్ళా. కాలింగ్ కార్డులుండేవి గానీ నాన్న ఉత్తరమే రాయమనేవారు. "ఫోన్లో చెప్పింది గాల్లో పోతుందిరా, కాయితం మీదుంటే మళ్ళీ చదువుకోవచ్చు" అని. 2001లో ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీ. ఇంటికి మాత్రం "ఇక్కడ నేను క్షేమం, ప్రాజెక్టు బాగుంది" అని రాస్తూనే ఉన్నా. నాన్న నుంచి జవాబు: "ఇక్కడ మేమంతా క్షేమం. కాపు పర్వాలేదు." ఆ వేసవి గాలివానకి తోటలో కాయంతా రాలిపోయిందనీ, నాన్నకి గుండెనొప్పి వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నారనీ నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత, సెలవుకొచ్చినప్పుడు.

నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టె తీస్తే నా ఉత్తరాలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి దాని మీదా అందిన తేదీ ఆయన చేత్తో. 2001 ఉత్తరాల మధ్య ఒక పేపరు కటింగు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊడుతున్నాయన్న వార్త. కింద గీత గీసి ఉంది. అంటే ఆయనకి తెలుసు. తెలిసే, నేను చెప్పేదాకా ఆగారు. నేను చెప్పలేదు.

అందుకే ఇంటికి రాసిన ఉత్తరం నమ్మకూడదనీ అనలేను, నమ్మాలనీ అనలేను. రాసినదాని కంటే, ఎవరికి రాశాడు, ఎవరు దాచారు, ఎందుకు దాచారు అన్నది చూడాలి. ఫాక్స్ ఉత్తరాల్లో మా పల్లెల గురించి తప్పులుండొచ్చు. కానీ ఆ ఇంట్లోవాళ్ళు కూడా గీతల కింద గీతలు గీసుకునే ఉంటారు.

ఒక్క విషయం చెప్పి ముగిస్తా. ఫాక్స్ వదిలి వెళ్ళిన పిల్లల్లో ఒకడు హెన్రీ ఇలియట్ ఫాక్స్, 1841లో బందరులో పుట్టినవాడు. ఏడేళ్ళు నిండక ముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. వాడే పెద్దయి 1895 నుంచి 1910 దాకా ఆ చర్చి మిషనరీ సొసైటీకే గౌరవ కార్యదర్శిగా పనిచేశాడు. ప్రపంచం నలుమూలల నుంచి మిషనరీలు రాసే కాగితాలు చేరే ఆఫీసు అది. "ఇక్కడ మేమంతా క్షేమం" అన్న వాక్యం కనపడ్డప్పుడల్లా ఆయన ఏమనుకునేవాడో.

మీ అబ్బాయో అమ్మాయో హాస్టల్లో ఉంటే, ఈ ఆదివారం ఫోన్లో "అంతా ఓకేనా?" అని అడిగి ఊరుకోకండి.