మూలమట్టము – చేతిరంపము

తిన్నని కోతకు ఆధారము చేయి కాదు, మట్టము. ఈ సత్యము మన వడ్రంగమునకు క్రొత్త గాదు. యంత్రములు వచ్చిన యీ కాలమున యువకులు కొందఱు దానిని మఱచుచున్నారు గావున నిచట మనవి చేయుచున్నాము.

యజ్ఞవేదికల కొలతలను దెలుపు బోధాయన శుల్బసూత్రము నందు, దీర్ఘచతురస్రపు రెండు భుజములపై వేఱువేఱుగ నేర్పడు వర్గముల మొత్తము కర్ణముపై వర్గమునకు సమానమని కలదు. 3–4, 12–5, 15–8 భుజములు నిదర్శనములుగా నందే చెప్పబడినవి. శుల్బమనగా త్రాడు. పూర్వులు త్రాటిని నమ్మి మూలను నిలిపిరి, కంటిని నమ్మలేదు.

1777లో ఇంగ్లాండున సామ్యూల్ మిల్లరు పొందిన పేటెంటునందు గుండ్రని రంపము ప్రస్తావింపబడినది. విద్యుచ్ఛక్తితో దిరుగు చేతిరంపమును 1920 తరువాతి దశాబ్దమున అమెరికాలో ఎడ్మండ్ మిషెల్ రూపొందించెను. అది క్షణములో పలకను ఖండించును. వంకర గీతను గూడ నంతే వేగముతో ఖండించును.

కావున ముందు మట్టమునే పరీక్షింపవలయును. పలక యంచున కానించి గీత గీచి, మట్టమును బోర్లించి యదే బిందువునుండి మఱల గీయవలెను. గీతలు కలిసిన మట్టము సరియైనది. విడిన, ఆ యెడము దోషమునకు రెట్టింపు. పిమ్మట విద్యుత్తును విడదీసి, అడుగుపలకకు బ్లేడు లంబముగా నున్నదో చూడవలెను. బ్లేడునకు అడుగుపలక యంచునకు గల దూరమును విడిచి, మట్టమును బిగించి, దాని వెంబడి రంపమును నడుపవలెను.

ద్వారబంధపు మూల తప్పిన తలుపు పట్టదు. యజమానుని నమ్మకమును నిలువదు. పోషకమహాశయులు యువకులకు యంత్రము నిప్పించునపుడు మూలమట్టమును గూడ నిప్పింతురుగాక యని ప్రార్థించుచున్నాము.