అమెరికా డాక్టర్ ‘ఇంట్లో గన్ ఉందా?’ అని ఎందుకు అడుగుతారు.. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇదే

సంతబొమ్మాళి: ఈ మండలంలో తుపాకీ అంటే ఇప్పటికీ గుర్తొచ్చేది కాకరాపల్లే. థర్మల్ ప్లాంట్ వద్దంటూ ఆందోళన చేస్తున్న వాళ్లపై 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అలాంటి తూటాను ఏ డాక్టరూ ముందుగా ఆపలేరు. ఇంట్లో ఉన్న తుపాకీ సంగతి మాత్రం వేరు. టెక్కలి, పలాస వైపు పిల్లల్ని అమెరికా పంపిన వాళ్లకు ఈ విషయం తెలిసి ఉండాలి.

2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్‌కు చెందిన విద్యార్థి పుట్టినరోజు నాడే చనిపోయాడు. గన్ శుభ్రం చేస్తుండగా పేలిందని కుటుంబసభ్యులు చెప్పారు. మన వార్తల్లో దుండగుల కాల్పులే ఎక్కువగా కనిపిస్తాయి కానీ లెక్కలు వేరేలా ఉన్నాయి. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల సుమారు 46,700 మంది చనిపోతే, అందులో సగానికి పైగా ఆత్మహత్యలే.

అందుకే అక్కడ చాలామంది పిల్లల డాక్టర్లు, మానసిక వైద్యులు ‘ఇంట్లో గన్ ఉందా? ఎక్కడ పెడతారు?’ అని అడుగుతారు. ఇది పోలీసు విచారణ కాదు. సీటు బెల్టు గురించి అడిగినట్టే. ఇష్టం లేకపోతే జవాబు చెప్పక్కర్లేదు. ఇలా అడగకూడదని ఫ్లోరిడా 2011లో చట్టం చేసింది. 2017లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

డాక్టర్లు చెప్పేదేంటంటే.. గన్‌లో తూటాలు ఉంచొద్దు, గన్‌కు తాళం వేయాలి, తూటాలు విడిగా ఇంకో తాళంలో పెట్టాలి. పిల్లల్ని ఫ్రెండ్ ఇంటికి పంపేముందు అక్కడ కూడా అడగాలి. ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉంటే కొన్నాళ్లు గన్‌ని ఇంటి నుంచే తీసేయాలి. చనిపోవాలన్న ఆవేశం చాలాసార్లు కాసేపే ఉంటుంది. తుపాకీతో ప్రయత్నిస్తే మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతకరు.

ఇంకో ముఖ్య విషయం. స్టూడెంట్, హెచ్1బీ వీసాలపై ఉన్నవాళ్లు గన్ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి.

మన దగ్గర ఇంట్లో గన్ ఉండటం అరుదు. ఆ స్థానంలో ఉండేది పురుగుమందు డబ్బా. వరికి, జీడితోటకు కొట్టగా మిగిలింది మంచం కిందో, వంటింటి మూలో ఉంటుంది. డిప్రెషన్‌తో వచ్చిన పేషెంట్ ఇంటివాళ్లను ‘మందు డబ్బా ఎక్కడుంది?’ అని అడగడం ఇక్కడి డాక్టర్లు కూడా చేయదగ్గ పనే. మందుబిళ్ల రాయడం కన్నా ముందు అడగాల్సిన మాట అది. డబ్బాకు తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలి.

మనసు బాగోకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకు 988.